నున్నబడిన మీటలు

కీబోర్డు మీద మెరుపుని చాలామంది మురికి అనుకుంటారు. కొంతవరకు నిజమే. వేళ్ళ మీది నూనె, చెమట అంటుకుని ఉంటాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే పోతాయి. తుడిచాక కూడా మిగిలే మెరుపు మాత్రం వచ్చి చేరిందేమీ కాదు, ఏదో పోవడం వల్ల మిగిలింది. కొత్త మీట పైన కంటికి సరిగ్గా ఆననంత సన్నటి గరుకు ఉంటుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసిన మీటల మీద అది కొన్నాళ్ళకి అణిగి, అరిగి, నున్నబడుతుంది. గరుకు మీద పడ్డ వెలుగు చెదిరిపోతుంది, నునుపు మీద పడ్డ వెలుగు ఒకేవైపు తిరిగొస్తుంది. మెరుపంటే అంతే. పీబీటీ అనే ఇంకో ప్లాస్టిక్ ఉంది, అది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఎడమవైపు కంట్రోల్, సి, వి అద్దాల్లా ఉన్నాయి. నా వృత్తి ఏంటో చెప్పడానికి వేరే ఐడీ కార్డు అక్కర్లేదు. స్పేస్ బార్ కుడి బొటనవేలు పడేచోట మాత్రమే మెరుస్తుంది, ఎడమ సగం ఇవాళ కొన్నట్టుంటుంది. అన్నిటికంటే విశేషం ఎ మీట. ఇంగ్లీషులో ఎక్కువసార్లు వచ్చే అక్షరం ఇ. కానీ నా దగ్గర ముందు అరిగింది ఎ. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళకి ప్రతి తలకట్టుకీ ఒక ఎ కావాలి కదా. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్ళకి ఆ గొడవ లేదు, అకారం హల్లులోనే ఉంటుంది. వాళ్ళకి పొల్లూ ఒత్తులూ పలికించే డి మీట మీద భారం పడుతుంది. అంటే పగలంతా ఆఫీసుకి చేసినదీ, రాత్రి పుస్తకాల మీద రాసుకున్నదీ ఒకే పలక మీద వేరువేరుగా నమోదవుతున్నాయి.

పోగొట్టడానికి రకరకాల చిట్కాలు చెప్తారు. మెలమైన్ స్పాంజితో రుద్దమంటారు. ఆ స్పాంజే ఒక సన్నటి గరుకు కాగితం, రుద్దినకొద్దీ మీట ఇంకా నున్నబడుతుంది. అసలు గరుకు కాగితమే వాడితే గీతలు పడతాయి, అక్షరం కూడా పోవచ్చు. సిలికాన్ తొడుగు వేసుకోవచ్చు, కానీ అది మొదటిరోజే వెయ్యాల్సింది. మీటలు మార్చుకోవడం డెస్క్ మీద పెట్టుకునే మెకానికల్ కీబోర్డుల్లో తేలిక. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు మొత్తం, ఒక్కోసారి పై పలకతో సహా, మార్చాల్సి వస్తుంది. మార్చి అమ్మితే మోసమా అని ఒక మిత్రుడు అడిగాడు. మార్చడం మోసం కాదు, మార్చిన సంగతి చెప్పకపోవడం మోసం. దీనికి ఇంతకంటే పెద్ద తత్త్వచర్చ అక్కర్లేదనుకుంటాను.

నాకు ఆసక్తిగా ఉన్నది వేరే ప్రశ్న. అరుగుదలని మనం ఎప్పుడు గౌరవిస్తాం, ఎప్పుడు తప్పు పడతాం?

మా ఊరు ముదిగుబ్బ, ధర్మవరం నుంచి కదిరి పోయే రైలుదారిలో ఉంటుంది. అక్కడ రోలు నున్నబడితే ఎవరూ మురిసిపోయేవాళ్ళు కాదు. నున్నటి రోట్లో పిండి మెదగదు. కక్కు కొట్టేవాళ్ళు వీధిలో కేకేసుకుంటూ వచ్చి, ఉలీ సుత్తీ పెట్టి మళ్ళీ గరుకు చేసి పోయేవాళ్ళు. రాయికి ఆ సౌకర్యం ఉంది, ప్లాస్టిక్‌కి లేదు. కానీ ప్లాస్టిక్ మీటకి అసలు అవసరమే లేదు. అరిగిన మీట కింద ఉన్న స్విచ్ మామూలుగానే ఉంటుంది. పై అక్షరం చెరిగిపోయినా ఎ నొక్కితే ఎ వస్తుంది. పాత వస్తువుల మీద మన కవిత్వమంతా ఇలా పని చెడని అరుగుదల మీదే అని నా అనుమానం. రుబ్బుకునే మనిషి రోటి మెరుపు మీద పాట కట్టదు.

1689లో అచ్చయిన జాన్ లాక్ రెండో ప్రభుత్వ గ్రంథంలో ఒక ప్రసిద్ధమైన వాదన ఉంది. ప్రకృతిలో ఎవరిదీ కాని వస్తువుకి నా శ్రమ కలిపితే అది నాదవుతుంది అని. ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఇది వర్తించదు, అది మొదటినుంచీ కంపెనీది. పైగా నేను దానికి కలిపింది ఏమీ లేదు, రోజూ కాస్త తీసేశాను. అయినా నన్నెవరూ తప్పు పట్టరు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూల్లో ల్యాప్‌టాప్ లాంటి వాటి ఆయుష్షు 3 ఏళ్ళు, సర్వర్లకి 6 ఏళ్ళు అని ఉంది. యంత్రం అరుగుతుందని చట్టం ముందే ఒప్పుకుంది. తరుగుదల అని ఒక పద్దు పెట్టి, దానికి మర్యాదగా లెక్క రాస్తారు. అరిగినందుకు యంత్రాన్ని ఎవరూ నిలదీయరు.

ఇప్పుడు వేళ్ళ సంగతి.

ముదిగుబ్బ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ నేల అదే అనంతపురం నేల. వానలు తక్కువ, నమ్మకం లేనివి. మెట్ట చేలల్లో తరతరాలుగా శెనక్కాయే. విత్తనం వేసేముందు కాయలు చేత్తో ఒలుస్తారు, పప్పు చిట్లితే మొలకెత్తదని. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని రోజులకి రోజులు ఒలుస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎన్ని కాయలు పగులుతాయో లెక్క ఉండదు. తర్వాత కలుపు, పీకడం, కాయ కోయడం. ఉపాధి పనికి పోతే గడ్డపార.

ఇలాంటి చేతుల మీద వేలిముద్ర గీతలు పల్చబడతాయి. ఆధార్ యంత్రం మీద పెడితే ఒక్కోసారి కలవదు. మా వీధిలో ఒక అవ్వ ఒకసారి స్టోరు బియ్యానికి పోయి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. "యేలు పడ్లేదు నాయనా, మళ్లా రమ్మన్యారు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. సిగ్గు ఉంది. తనే ఏదో సరిగ్గా పెట్టలేదన్నట్టు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ సిగ్గే. నా కీబోర్డు మెరుపుని నేను కొంచెం గర్వంగా చూపిస్తాను, ఇన్నేళ్ళు ఇంత పని చేశానని. ఆమె పని ఆమె వేలి మీద రాసిన అదే రాతని యంత్రం పొరపాటు కింద చదివింది.

దారులు లేవని కాదు. ఏ వేలు బాగా పడుతుందో చూసిపెట్టుకునే పద్ధతి ఉంది, కనుపాప చూసే యంత్రాలు ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 26న సుప్రీం కోర్టు ఆధార్‌ని చాలావరకు సమర్థిస్తూ ఇచ్చిన తీర్పులో కూడా వేలిముద్ర కలవనివాళ్ళ ప్రస్తావన వచ్చింది. నేను అడుగుతున్నది అంతకంటే ముందరి మాట. కీబోర్డు నా దగ్గర ఒక్కటే కోరుతుంది, నొక్కమని. వేలిముద్ర యంత్రం నువ్వు పేరు నమోదు చేసుకున్న రోజు ఎలా ఉన్నావో ఇవాళా అలాగే ఉండమంటుంది. మధ్యలో పని చేసి ఉంటే ఆ మేరకు నువ్వు నువ్వు కాకుండా పోతావు.

ఇది యంత్రం స్వభావం, ఎవరేం చేస్తారు అనొచ్చు. నా వృత్తిలో ఉన్నవాళ్ళు ఆ మాట అనకూడదు. పోలిక చూసే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఎక్కడో ఒక అంకె ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ పోలితే ఔను, తక్కువైతే కాదు. అంకె పెంచితే దొంగలు తగ్గుతారు, అసలువాళ్ళు కూడా కొందరు బయటపడిపోతారు. తగ్గిస్తే ఉల్టా. ఆ అంకె కొండ మీద నుంచి ఊడిపడదు. ఏసీ గదిలో ఒకరు కూర్చుని, మెరిసే మీటలు నొక్కి, అది టైప్ చేస్తారు. ఏ చేతుల మీద పరీక్షించి ఆ అంకె ఎంచుకున్నారు అన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది ఎవరి అరుగుదలకి పద్దు ఉంది, ఎవరిదానికి లేదు అన్న ప్రశ్నే.

ఇందులో ఒక వింత ఉంది. వేలు ప్లాస్టిక్ కంటే మెత్తన. అయినా కీబోర్డు మీద ఓడిపోయేది ప్లాస్టికే, ఎందుకంటే చర్మం మళ్ళీ పెరుగుతుంది. వేలిముద్ర నమూనా పైపొరలో కాదు, దాని కింద పొరలో ఉంటుంది. పైన అరిగినా, లోతుగా దెబ్బ తగలనంతవరకు, కొన్ని వారాలు పని ఆపితే అవే గీతలు తిరిగొస్తాయి. రాయికి కక్కు కొట్టేవాళ్ళు కావాలి, వేలికి ఎవరూ అక్కర్లేదు, విశ్రాంతి చాలు. ఇంకో సంగతి, వారాలపాటు పని మానేసే స్థితి ఉన్నవాళ్ళకి స్టోరు బియ్యం అంత అవసరం ఉండదు.

అవ్వ మర్నాడు మళ్ళీ పోయింది. ఈసారి ముందే తడిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంది. కుడిచెయ్యి అయిపోయాక ఎడమచెయ్యి, ఒక్కొక్క వేలూ పెట్టి చూశారంట. ఎడమ ఉంగరం వేలు పడింది. కాయలు ఒలిచేటప్పుడు ఆ వేలికి పెద్దగా పని ఉండదు.