గంట మ్రోగని బడి

ధ్యాన భాగము: దానియేలు 1వ అధ్యాయము



మన సంఘములలోని యౌవనస్థులు అనేకులు నేడు కళాశాల గడప త్రొక్కకయే చదువుకొనుచున్నారు. ప్రొద్దుటూరులో పగలెల్ల బట్టల అంగడిలో నిలువబడి పనిచేయువాడును, జమ్మలమడుగు ప్రక్క శనగచేలకు కూలికి పోవువాడును, పులివెందుల చీనితోటలలో కాయలు కోయువాడును, పెండ్లియై చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న చెల్లెలును రాత్రివేళ పుస్తకము తెరచుచున్నారు. మన తాతలకు ఈ తరుణము లేదు. 1982లో హైదరాబాదులో మన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చెను. దానినే మన పిల్లలు ఇగ్నో అందురు. బడి నడుమ మానినవారి కొరకు 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల ఏర్పడెను. పేదలకు మూయబడిన తలుపు ఈలాగు తెరువబడినందుకు దేవుని స్తుతింపవలెను.

అయితే ఈ బడికి గంట లేదు. దినదినము పేరు పిలుచువారు లేరు, ఎందుకు రాలేదని అడుగువారు లేరు. ఇగ్నోలో మూడేండ్ల డిగ్రీని ముగించుటకు ఆరేండ్ల గడువు కలదు. సార్వత్రిక పాఠశాలలో అయిదేండ్లలో తొమ్మిదిమార్లు పరీక్ష వ్రాయవచ్చును. కష్టజీవులను తలంచి యిచ్చిన గడువిది. సోమరితనమైతే దానిని చూచి, 'జూనులో కాకున్న డిసెంబరులో వ్రాయుదములే' అని చెవిలో చెప్పును. డిసెంబరు వచ్చినప్పుడు మరల జూను మాట చెప్పును. తల్లి కూలిడబ్బులతో కట్టిన రుసుము ఈ మాటలలోనే కరగిపోవును.

ఈ బడి ప్రక్కనే గంటలేని ఆటస్థలము కూడ ఒకటి కలదు. రెండును ఒక్క సెల్‌ఫోనులోనే యున్నవి. ఇగ్నో పాఠములు వెల లేకుండ దొరకునది అందులోనే, ఆట పిలుచునదియు అందులోనే. నూరుమంది ఒక్క దీవిలో దిగి, ఒక్క జట్టు మిగులువరకు పోరాడు ఆట ఒక్క విడతకు అరగంట పట్టును. నడుమ లేచినయెడల జట్టువారు కోపింతురు. దినము తప్పక వచ్చినవానికి బహుమానము. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము పబ్‌జీని నిషేధించెను. 2021 జూలైలో అదే తీరు ఆట బీజీఎంఐ అను పేరుతో వచ్చెను. బయటి తలుపు మూసినంతమాత్రమున లోపలి ఆశ చావదు. ఇక ఐపీఎల్ క్రికెట్టు మార్చి నెలాఖరున మొదలై రెండు నెలలు సాగును. సరిగా జూను పరీక్షలకు చదువుకొనవలసిన రాత్రులవి. క్రొత్త సినిమా వచ్చిన వారమంతయు ఊరిలో వేరు మాట వినబడదు.

గ్రామములు తిరుగునప్పుడు పిల్లలు మమ్మును అడుగుచుందురు: 'అయ్యగారూ, ఆడుట పాపమా? చదువును ఆటను సమముగా నడుపుకొనరాదా?'

ఆడుట పాపము కాదు. యెరూషలేము మరల కట్టబడు దినమును గూర్చి చెప్పుచు జెకర్యా ప్రవక్త, దాని వీధులలో ఆడుకొను బాలబాలికలను ఆశీర్వాదపు గురుతుగా చూపెను. పౌలుయొక్క హెచ్చరిక వేరు: సెలవున్నదే అయినను దేనికిని దాసుడను కానని ఆయన కొరింథీయులకు వ్రాసెను. నేటి వైద్యులును ఇంచుమించు ఈ గీతనే గీసిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంగీకరించిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చెను. ఆడు ప్రతివాడును రోగియని వారనలేదు. ఆపుకొనలేకపోవుట, ఇతర పనులన్నిటికంటె ఆటయే ముందగుట, కీడు కనబడుచున్నను మానకుండుట, ఇట్టివి సాధారణముగా ఏడాది సాగినయెడల రోగమనిరి.

ఇక సమతూకము మాట. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో కట్టెల త్రాసును ఎవరును వాడరు. చదివిన అరగంటను గురిగింజలతో తూచి, ఆడిన మూడు గంటలను కట్టెల త్రాసుతో తూచినయెడల అది దొంగత్రాసు. రెంటిని ఒకే గడియారముతో కొలువుడి.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును చూడుడి. చెరపట్టబడి పోయిన పిల్లలు. తల్లిదండ్రులు దగ్గర లేరు, దేవాలయము లేదు. మూడేండ్లు కల్దీయుల విద్య, కడపట రాజు ఎదుట పరీక్ష. ఎదుట రాజు బల్లమీది రుచులు. వారు ఆ చదువును విడిచి పారిపోలేదు. పరదేశపు భాషను, పుస్తకములను శ్రద్ధగా నేర్చిరి. కాని ఒక్కచోట గీత గీసికొనిరి. ఎప్పుడు? వాసన ముక్కుకు తగిలిన తరువాత కాదు. ముందుగానే దానియేలు హృదయములో నిశ్చయించుకొనెను. ఆట తెరచిన తరువాత ఎంతసేపు ఆడవలెనని యోచించువాడు గెలువలేడు. పిమ్మట వారు పెద్ద ప్రతిజ్ఞలు చేయక, పది దినములు మాత్రము పరీక్షించి చూడుమని వినయముగా అడిగిరి. మూడేండ్లయిన తరువాత రాజు వారిని ప్రశ్నించి, తన రాజ్యములోని జ్ఞానులకంటె పదియంతలు శ్రేష్ఠులని కనుగొనెను.

యౌవనస్థులారా, మీరును పది దినములు చేసి చూడుడి. పని నుండి వచ్చి భోజనము చేసిన వెంటనే మొదటి గంట చదువునకు. కావలసిన పాఠమును ముందుగా కాగితముపై అచ్చు తీయించుకొని, ఆ గంట ఫోనును తల్లి చేతికి ఇయ్యుడి. తరువాత ఆడవలెనన్న ఒక్క విడత, అంతే. ప్రతిరాత్రి క్యాలెండరులో చదివిన గంటను, ఆడిన విడతను గురుతు వేయుడి. పరీక్షల నెలలో ఆ విడతయు వలదు. డబ్బుపెట్టి ఆడు పేకాటకైతే కొలతయే లేదు; అది పూర్తిగా విడువవలసినది. మన రాష్ట్రము 2020లోను, పార్లమెంటు 2025 ఆగస్టులోను దానిని చట్టముచేత నిషేధించెను.

తలిదండ్రులారా, ఫోను లాగుకొనినంతమాత్రమున పని కాదు. వాని పుస్తకమును లాగుకొన్నవారగుదురు. ఆ గంటలో ఇంటి టీవీని ఆపుడి. మీకు చదువు రాకున్నను, 'ఈ రాత్రి ఏమి చదివితివి నాయనా? నాకు చెప్పుము' అని అడుగుడి. చెప్పగలిగినవాడు చదివినవాడే.

సంఘపు పెద్దలకు ఒక్క మనవి. వారములో రెండు రాత్రులు ఎనిమిది గంటలకు దేవాలయపు తలుపు తీసి, దీపము వేసి, గంట మ్రోగింపుడి. దూరవిద్య చదువు పిల్లలందరు వచ్చి కలిసి కూర్చుండి చదువుకొందురు గాక. వారి బడికి గంట లేదు. మన దేవాలయమునకు కలదు.

దానియేలునకు జ్ఞానమిచ్చిన దేవుడు మన పిల్లలకును స్థిరమైన మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.