అంతోనివారు, ఎఫ్రేము గురువు: అనుకున్న రేవు చేరని ఇద్దరు

మద్రాసు జార్జిటౌనులోని అర్మీనియన్ వీధి మరియమాత గుడికి 1658లో పునాది వేసినవారు ఫ్రాన్సిస్కన్ల శాఖ అయిన కపూచిన్ గురువులు. ప్రతి మంగళవారం అక్కడ పదువా అంతోనివారి స్వరూపం ముందు జనం బారులు తీరుతారు. 1231 జూన్ 13న కన్నుమూసిన ఆయనను మంగళవారం నాడు సమాధి చేశారు కాబట్టి ఆ వారం ఆయనదైంది. పోయిన వస్తువు దొరకాలని మొక్కుకునేవారే ఎక్కువ. ఆరాధన దేవునికే చెల్లుతుంది, పునీతుణ్ణి అడిగేది తోడు ప్రార్థన మాత్రమే అని శ్రీసభ బోధ.

అయితే ఆ పునీతుడికే దారి తప్పింది. లిస్బన్‌లో పుట్టిన అంతోని, మొరాకోలో ప్రాణాలర్పించిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్లను చూసి ఆ సభలో చేరాడు. తానూ అక్కడికే వెళ్లి జబ్బుపడ్డాడు. తిరుగు ప్రయాణంలో తుఫాను ఓడను సిసిలీకి నెట్టింది. ఇటలీలో పేరులేని సన్యాసిగా ఉంటుండగా, ఫోర్లీలో ఒక గురుపట్టాభిషేకం నాడు ప్రసంగించడానికి ఎవరూ సిద్ధపడి రాలేదు. పెద్దలు ఆయనను లేపి, తోచింది చెప్పమన్నారు. ఆ ప్రసంగంతోనే ఆయన బోధకుడని లోకానికి తెలిసింది.

మద్రాసు కపూచిన్ మిషన్‌కు ఆద్యుడైన ఎఫ్రేము గురువుదీ అదే కథ. ఫ్రాన్సులోని నెవేర్ పేరు మోసిన ఆయన బర్మాలోని పెగూకు వెళుతూ 1642లో మద్రాసులో ఆగాడు. తమ కోటలోని కతోలికులకు గురువు లేడని ఇంగ్లీషువారు ఉండమన్నారు, ఉండిపోయాడు. 1649లో పట్టుబడి గోవా మతవిచారణ చెరలో మగ్గాడు. విడుదలయ్యాక మళ్లీ మద్రాసుకే వచ్చాడు.

ఆ మిషనే 1832లో వికారియత్ అయింది, 1886లో అగ్రపీఠమైంది. దాని నుంచి 1928లో నెల్లూరు, నెల్లూరు నుంచి 1940లో గుంటూరు మేత్రాసనాలు ఏర్పడ్డాయి. గుంటూరు సీమలో తొలి విత్తనం వేసింది జెస్విట్ గురువులే అయినా, అక్కడి కతోలికుల పీఠపు వంశం ఆ కపూచిన్ల దగ్గరికే చేరుతుంది.

అనుకున్నది జరగకపోవడమే దైవసంకల్పమా? జబ్బును, చెరను ఈ ఇద్దరూ కోరుకోలేదు, వాటిని మంచివనడం సరికాదు. ఆగిపోయిన చోట ఎదురైన మనుషుల అవసరాన్ని పిలుపుగా తీసుకోవడంలోనే వారి విశ్వాసం కనిపిస్తుంది. పోయిన వస్తువు కోసం అంతోనివారిని వేడుకునేవారికి ఆయన జీవితం చెప్పేది కూడా అదే.