మనుమరాలి ప్రశ్న

ఆచారము సత్యమా, అసత్యమా అను ప్రశ్న పండితులదని లోకము భావించును. కాని దానిని అందరికంటె ముందుగా అడుగువారు పిల్లలు. వారికి పెద్దలు ఇచ్చు సమాధానమును బట్టియే ఆ ఇంటి ఆచారములో ఎంత ప్రాణమున్నదో తెలియును.

గోవాలోని క్రైస్తవ గృహములందు డిసెంబరు నెల ప్రవేశించినది మొదలు క్రిస్మసు సన్నాహము సాగును. వెదురుబద్దలకు రంగుకాగితములు అంటించి చేసిన నక్షత్రదీపము వాకిట వ్రేలాడును. ఇంటిలో ఒక మూల చిన్న పశువులపాకను నిర్మించి, పచ్చదనమునకై దాని చుట్టును రాగులు మొలకెత్తింతురు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అసీసీ ఫ్రాన్సిస్ ముని సజీవమైన ఎద్దును, గాడిదను నిలిపి, పశువుల తొట్టిలో గడ్డి పరపించి, యేసు జననమును జనులకు కన్నులకు కట్టినట్లు చూపించెను. ఆ ఆచారమే సముద్రములు దాటి ఈ తీరమునకు వచ్చినది.

వంటయింటిలో అందరును కూర్చుండి ముళ్లచెంచా వీపుపై పిండిని ఒత్తి కుల్‌కుల్ చేయుదురు. అవి తెలుగువారి గవ్వలకు తోబుట్టువులు. కొబ్బరి పూర్ణము నించిన నెవ్రీలు కజ్జికాయలే. గోవాలోని హిందువులు వినాయకచవితికి వానినే చేసికొందురు. పండుగలు వేరైనను పిండివంట ఒక్కటే. సిద్ధమైన వంటకములను పళ్లెములలో సర్ది, గుడ్డ కప్పి, మతభేదము లేక ఇరుగుపొరుగులకు పంపుదురు. మరణము సంభవించి దుఃఖములో నున్న ఇంట ఆ యేడు పొయ్యిపై మూకుడు పెట్టరు; ఆ ఇంటికి తీపి ఇరుగుపొరుగు వలననే అందును.

ఇట్టి ఇంట ఐదేండ్ల మనుమరాలొకతె ఉన్నదని ఊహింపవచ్చును. పండుగ ముందటి సాయంకాలము పాకలోని తొట్టి ఇంకను ఖాళీగానే ఉండును. శిశువు ప్రతిమను అర్ధరాత్రమున గాని అందు పరుండబెట్టరు. ఆ పిల్ల తన వంతు కుల్‌కుల్‌లో రెండింటిని తెచ్చి ఆ గడ్డిపై దాచును. తండ్రి నవ్వి, “బొమ్మ తినదమ్మా” అనును. “అయితే రేపు అందరూ బొమ్మకు దండం ఎందుకు పెడతారు నాన్నా?” అని ఆమె అడుగును.

ఇందుకు సులభములైన సమాధానములు రెండు కలవు. “లేదమ్మా, నిజముగనే తినును” అనుట ఒకటి. అది పిల్లను మోసగించుట. “ఇదంతయు ఒక వాడుక మాత్రమే” అనుట రెండవది. అది తనను తాను మోసగించుకొనుట, ఏలయన వట్టి వాడుకకై ఎవ్వరును అర్ధరాత్రము మోకరిల్లరు. తండ్రి మౌనము వహించును.

పళ్లెములు పంచునప్పుడు పిల్ల మరల అడుగును: “నాయనమ్మా, బావి అవతలి ఇంటికి పళ్లెం లేదేం?” సరిహద్దు గోడ విషయమై ఆ ఇంటితో ఏడేండ్లుగా వైరము. “వాళ్లతో మనకు మాటలు లేవు తల్లీ” అని అవ్వ చెప్పును. పిల్ల కొంతసేపు ఆలోచించి, “సత్రంలో చోటు లేదన్నవాళ్లు కూడా అలాగే చెప్పారా?” అనును. నిండుచూలాలితో వచ్చిన దంపతులకు సత్రములో స్థలము దొరకలేదను లూకా సువార్తలోని కథను ఆమెకు చెప్పినది ఆ అవ్వయే.

బాల్యమునకు తెలివి తక్కువయని పెద్దల నమ్మకము. పిల్లకు తెలియనిది కథ కాదు. కథకు పెద్దలు కల్పించుకొన్న మినహాయింపులు. ఇరుగుపొరుగులందరికిని పంపుదుమన్నచో ఆమె అందరికిని అనియే గ్రహించును. పెద్దలు అదే మాట అని, ఒక ఇంటిని విడిచి లెక్కించుకొందురు.

ఇంతమాత్రమున పిల్లదే ధర్మమని, అవ్వది అధర్మమని తీర్పు చెప్పుట తొందరపాటగును. అమాయకత్వము అందమైనదే గాని, అది ఇంకను సద్గుణము కాదు. గోడకై జరిగిన కలహమును ఆ పిల్ల ఎరుగదు. నాడు పడిన మాటలు ఆమె చెవిని పడలేదు. అందుచేత ఆ ఇంటికి పళ్లెము మోసికొనిపోవుటలో ఆమెకు నష్టమేమియు లేదు. ఆ మాటలన్నియు జ్ఞాపకముండి, వాని బాధ చల్లారకుండగనే పళ్లెము సర్దవలసినది అవ్వ. త్రోవ చూపగలది పిల్ల. ఆ త్రోవను నడవగలది, నడచినచో పుణ్యము కట్టుకొనగలది అవ్వయే. మనుమలకును అవ్వలకును ఒకే ఇంట చోటుండవలయుననుటకు ఇంతకంటె బలమైన కారణము కానరాదు.

బొమ్మకు దండమెందుకను ప్రశ్నకు కూడ సమాధానము ఇచ్చటనే కలదు. ప్రతిమ సత్యమో అసత్యమో ప్రతిమను పరీక్షించి తేల్చుట సాధ్యము కాదు. దాని యెదుట మోకరిల్లినవారు తెల్లవారి ఏ వాకిటికి పోవుదురో, ఏ వాకిలిని తప్పించుకొని తిరుగుదురో చూచి తేల్చవలయును.

అవ్వ లేచి మరియొక పళ్లెము తీయవచ్చును. అది గుడ్డయైనను తొలగింపబడకయే తిరిగి రావచ్చును. ఆ సంగతి పిల్లకు తెలియదు. అవ్వకు తెలియును.