రెండు గువ్వల వెసులుబాటు

ధ్యాన భాగం: లూకా 2:22–24, లేవీయకాండము 12:6–8

డిసెంబరు వచ్చిందంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కాలు పెట్టడానికి సందుండదు. చేతిలో చీటీ ఉంటుంది: ఆడపడుచుకు చీర, ఆవిడ భర్తకు ప్యాంటు షర్టు, వియ్యపురాలికి ఇంకాస్త మంచి చీర, పాస్టరమ్మగారికి ఒకటి. దుకాణంవాడు మడత విప్పితే రంగుకన్నా ముందు ధర చూస్తాం. పోయినేడు వాళ్లు మనకు పెట్టింది ఎంతదో గుర్తుంటుంది మరి! అంతకు తగ్గితే మాట పడాలి, మించితే వచ్చే ఏడు వాళ్లకు భారం. ఇన్ని లెక్కలు వేసి పెట్టిన చీర చాలాసార్లు ఒంటిమీదికే రాదు. కవరుతో సహా బీరువాలో ఏడాది పడుకుని, మరో క్రిస్మస్‌కు మరో ఇంటికి బయల్దేరుతుంది. తిరిగి తిరిగి మొదట కొన్నవాళ్లింటికే చేరిన చీరలూ ఉన్నాయంటారు.

ఈ ఊరి క్రిస్మస్‌లో కేకు కంటోన్మెంటు దొరలది, రైల్వే ఆంగ్లో ఇండియన్లది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి ఇంకా ఆ కాలాన్ని గుర్తుచేస్తూనే ఉంది. పెట్టుపోతలు మాత్రం అచ్చంగా మనవే, సంక్రాంతి నుంచీ పెళ్లిళ్ల నుంచీ వెంట తెచ్చుకున్నవి. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా అవి లేకపోతే పండగే లేదన్నట్టు తయారవడంతోనే.

కానుకల మాటొస్తే మనం జ్ఞానులు తెచ్చిన బంగారాన్ని చూపిస్తాం. లూకా ఇంకో కానుక సంగతి రాశాడు. బిడ్డ పుట్టిన 40 రోజులకు మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి వెళ్లారు. ధర్మశాస్త్రం ప్రకారం తల్లి తన శుద్ధి కోసం ఏడాది గొర్రెపిల్లను దహనబలిగా, ఒక పక్షిని పాపపరిహారార్థ బలిగా తేవాలి. గొర్రెపిల్లకు స్తోమత లేకపోతే రెండు పక్షులు చాలు. లూకా ఆ రెండు పక్షుల మాటే చెప్పి ఊరుకున్నాడు. ఎవరి పుట్టినరోజుకని మనం ఇంత ఖర్చు పెడుతున్నామో, ఆయన ఇంటివాళ్లు గుడికి తెచ్చింది లేనివాళ్లకు రాసిపెట్టిన కానుక.

ఆ వెసులుబాటు మరియ అడిగి తెచ్చుకున్నది కాదు. గొర్రెపిల్ల మాట చెప్పిన అధ్యాయంలోనే దేవుడు పక్షుల మాటా రాయించి ఉంచాడు. అప్పు చేసైనా గొర్రెపిల్లను తెమ్మనలేదు. పక్షులు తెచ్చిన తల్లికి శుద్ధి ఒక పిసరు తక్కువ అనీ అనలేదు.

మన చీటీల్లో అలాంటి వాక్యం ఎక్కడుంది? చిట్టీ పాడి ఆ డబ్బుతో బట్టలు తెచ్చేవాళ్లున్నారు. ఏప్రిల్ దాకా వడ్డీ కట్టేవాళ్లున్నారు. ఏమీ పెట్టలేక, ఒంట్లో బాగాలేదని సాకు చెప్పి పండగ పూట అన్నగారింటికి రాని తమ్ముడు, మరదలు ఉన్నారు. ఆ భోజనాల దగ్గర ఖాళీగా ఉన్న రెండు కుర్చీల వెల ఏ చీరకూ రాదు.

కాబట్టి బట్టలొద్దనే మాట ముందుగా ఉన్నవాళ్లే అనాలి. లేనివాళ్లంటే పిసినారితనం అంటారు, లేదా జాలిపడతారు. అన్నగారే ఫోన్ చేసి, “ఈసారి పెద్దవాళ్లకు బట్టలొద్దురా, పిల్లలకు చాలు. మీరు మాత్రం పొద్దున్నే వచ్చేయండి” అంటే తమ్ముడి పరువుకు ఏమీ కాదు.

ఇరుగుపొరుగుకు పంపే పళ్లెం మాత్రం మానకండి. నాలుగు గులాబీ పువ్వులు, రెండు కజ్జికాయలు, ఓ కేకు ముక్క, పైన చేతిరుమాలు. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు, అడుగున గుప్పెడు చక్కెరైనా ఉంటుంది. రంజాన్‌కు ఎదురింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది. ఎవరూ ధర చూసుకోరు.

ప్రార్థన: తండ్రీ, లేనివాళ్లు నోరు తెరిచి అడగకముందే దారి చూపినవాడివి నీవు. మా చీటీలో ఉన్నవాళ్లలో ఈ పెట్టుపోతలు ఎవరికి భారమవుతున్నాయో మాకు చూపించు. ఈ వారమే వాళ్లకు ఫోన్ చేసి, ఏమీ తేవద్దని మేమే ముందు చెప్పేలా చెయ్యి. యేసు నామంలో, ఆమేన్.