ఆ తల్లి ఎవరికి రుణపడి ఉంది?

ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లికి మన ఇళ్లలో, గుళ్లలో, చర్చిల్లో తరచూ వినిపించే ఓదార్పు ఒకటుంది: నువ్వు మోయగలవని తెలిసే దేవుడు ఈ బిడ్డను నీకిచ్చాడు, అందుకు దణ్ణం పెట్టుకో అని. చెప్పేవాళ్లకు దురుద్దేశం ఉండదు. ఏ జన్మలో చేసిన పాపమో అనడం కన్నా ఇది మేలే. అయినా రెండు మాటలకూ పునాది ఒకటే. బిడ్డ స్థితికి ఏదో ఒక లెక్క ఉందనీ, అది తల్లి పేరున రాసి ఉందనీ రెండూ నమ్ముతాయి. ఒకటి ఆమెను దోషిని చేస్తే, రెండోది రుణగ్రస్తురాలిని చేస్తుంది. కృతజ్ఞత మనిషికి మేలు చేస్తుందనడంలో నాకు సందేహం లేదు. ఆ తల్లుల మనసుల్లో అది నిజంగానే ఉంటుంది. కానీ దాన్ని ఆమె తప్పక పాటించాల్సిన విధిగా బయటివాళ్లు నిర్ణయించడం ధర్మం కాదనీ, అసలు తీర్చాల్సిన రుణం మన మీదే ఉందనీ నా వాదన.

ముందు పరిశోధనల మాట. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లఫ్ ప్రచురించిన అధ్యయనంలో కొందరిని తమకు జరిగిన మేళ్లు రాయమన్నారు, కొందరిని చికాకులు రాయమన్నారు. మేళ్లు రాసినవాళ్ల మనసు తేలికపడినట్టు కనిపించింది. తర్వాత వచ్చిన ఎన్నో ప్రయోగాలను కలిపి లెక్కగట్టినప్పుడు మాత్రం, కుంగుబాటు మీదా ఆందోళన మీదా ఈ అభ్యాసం చూపే ప్రభావం స్వల్పమేనని తేలింది. ఇక తల్లుల సంగతి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్షా సెల్ట్‌జర్ బృందం ఆటిజం ఉన్న యువతీయువకుల తల్లులను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఆ తల్లుల లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోన్ మామూలు కన్నా తక్కువగా ఉంది. ఏళ్ల తరబడి ఒత్తిడిలో నలిగినవాళ్లలో, యుద్ధం చూసివచ్చిన సైనికుల్లో కనిపించే తీరు అది. మిగతా తల్లులతో పోలిస్తే వాళ్లకు బిడ్డ పనులు ఎక్కువ, తీరిక తక్కువ, అలసట ఎక్కువ. అయితే ఆత్మీయంగా గడిపిన క్షణాలు, ఇతరులకు చేసిన సాయం విషయంలో మాత్రం వాళ్లు ఎవరికీ తీసిపోలేదు. ఈ చివరి సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ప్రేమకూ ఆనందానికీ కొదవ లేని మనుషుల ఒళ్లే హూనమవుతోందంటే, లోపం వాళ్ల మనసులో లేదు. కృతజ్ఞతను మందుగా రాసిచ్చేవాళ్లు జబ్బును తప్పుచోట వెతుకుతున్నారు.

కృతజ్ఞత ఎక్కువగా ఉన్న తల్లులే నిబ్బరంగా ఉంటారు కదా అని అడగవచ్చు. నిజమే కావచ్చు. కానీ ఏది ముందు, ఏది వెనక? భర్త సగం పని అందుకున్న ఇంట్లో, అత్తగారు మనవణ్ణి దగ్గరకు తీసుకున్న ఇంట్లో, బడివాళ్లు కాదనకుండా చేర్చుకున్న ఊళ్లో ఆ తల్లికి తలచుకోవడానికి మేళ్లు ఉన్నాయి. అవేవీ లేని తల్లి చేతికి నోటుపుస్తకం ఇచ్చి మేళ్లు రాయమంటే ఏం రాస్తుంది? నయోమి ఎకాస్, ఆమె సహపరిశోధకులు 2009లో గమనించిన విషయం కూడా ఇక్కడ ఆలోచించదగ్గది. దైవవిశ్వాసం, ఆధ్యాత్మిక అనుభూతి తల్లుల క్షేమంతో ముడిపడి కనిపించాయి. మతపరమైన కార్యక్రమాల్లో పాల్గొనడం మాత్రం అందుకు భిన్నంగా, చెడు ఫలితాలతో ముడిపడింది. దేవుడి దగ్గర దొరికిన ఊరట భక్తుల మధ్య దొరకలేదన్నమాట. అరిచే బిడ్డ వైపు తిరిగే తలలను ఊహించుకుంటే కారణం తెలుసుకోవడం కష్టం కాదనిపిస్తుంది.

ఇంకా గట్టి అభ్యంతరం భక్తుల నుంచి వస్తుంది. సుఖం వచ్చినా దుఃఖం వచ్చినా ప్రసాదంగా స్వీకరించడమే శరణాగతి కదా అంటారు. ఆ స్థితి ఉన్నతమైనదే, దాన్ని చేరినవారికి నమస్కారం. కానీ ఏ మతమూ దాన్ని ఎదుటివాడి మీద రుద్దమనలేదు. గీత ఏడో అధ్యాయం తనను కొలిచే పుణ్యాత్ముల్లో ఆర్తుణ్ణి కూడా లెక్కించింది. బాధతో మొరపెట్టుకునేవాడూ భక్తుడే. బైబిల్లో యోబు స్నేహితులు అతని కష్టానికి కారణాలు బోధిస్తారు. చివరికి దేవుడు తప్పుపట్టింది వాళ్లనే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే యేసు ఎవరిదీ కాదన్నాడు. ఖురాన్‌లో యాకూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు, అయినా ఆయన సహనానికి లోటు రాలేదు. తల్లిని నిందించడం మతానికే పరిమితమైన తప్పు కూడా కాదు. తల్లులు ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలకు ఆటిజం వస్తుందని 1967లో కూడా బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం రాశాడు. ఆ వాదం నిలవదని ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే చూపించాడు.

తల్లి కష్టం గురించి ఇంత మాట్లాడితే బిడ్డను బరువు అన్నట్టే కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. తానూ ఆటిస్టిక్ అయిన జిమ్ సింక్లెయిర్ 1993లోనే, మా కోసం దుఃఖించకండి అని తల్లిదండ్రులను కోరారు. అందుకే బిడ్డనూ కష్టాన్నీ విడదీసి చూడాలి. బిడ్డ ఉన్నందుకు తల్లి దేవుడికి మొక్కుతుంది, అది ఆమె ఇష్టం. కష్టంలో ఎక్కువ పాలు మనుషులు పెట్టిందే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, అందరితో కలిసి చదువుకునే హక్కునూ ఇచ్చింది. అయినా సీటు లేదనే బడులున్నాయి, పెళ్లికి పిలిచి బిడ్డను ఇంట్లో వదిలి రమ్మనే బంధువులున్నారు. వీటన్నిటికీ దేవుడికి దణ్ణం పెట్టమనడమంటే మన బాకీని ఆయన ఖాతాలో రాయడమే.

పుట్టిన ప్రతి మనిషీ రుణంతోనే పుడతాడనీ, తోటి మనుషులకు చేసే సేవ కూడా నిత్యం చెయ్యాల్సిన యజ్ఞమేననీ మన సంప్రదాయం చెప్పింది. ఆ లెక్కన చూస్తే, సమాజమంతా కలిసి చెయ్యాల్సిన పనిని ఏళ్ల తరబడి ఒక్కతే చేస్తున్న మనిషికి మనందరం బాకీ. కాబట్టి ఆ తల్లి ఎదురైనప్పుడు ఆమెకు ఏమీ బోధించకండి. ఆదివారం పొద్దున రెండు గంటలు బిడ్డను మేం చూసుకుంటాం, మీరు కాస్త పడుకోండి అనండి. మీ గుళ్లో, మీ చర్చిలో, మీ మసీదులో ఆ బిడ్డ కేక పెడితే తల తిప్పి చూడకండి. మీ పిల్లల తరగతిలో చేర్చుకోమని బడివాళ్లతో మీరే ముందు మాట్లాడండి.