కృత్రిమ నేత్రం, ఒంటికంటి జీవనం



కృత్రిమ నేత్రం చూపునివ్వదు. ముఖానికి నిండుదనం ఇస్తుంది, పైరెప్ప లోపలికి కుంగిపోకుండా నిలుపుతుంది. కన్ను తీయవలసి రావడానికి కారణాలు చాలా ఉంటాయి: పెద్ద దెబ్బ, కణితి, ముదిరిన ఇన్ఫెక్షన్, చూపు పోయాక మిగిలే తీరని నొప్పి. పసిపిల్లలకు వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ముదిరితే ప్రాణం నిలపడానికే కన్ను తీస్తారు. వీటిలో దేనికీ పాపపుణ్యాలతో సంబంధం లేదు.

శస్త్రచికిత్సలో కనుగుడ్డును మొత్తం తీయవచ్చు, లేదా తెల్లగుడ్డు పొరను ఉంచి లోపలి భాగం మాత్రమే తీయవచ్చు. ఆ ఖాళీలో సాధారణంగా గుండ్రని ఇంప్లాంట్ అమరుస్తారు. గాయం మానేదాకా, సుమారు 6 నుంచి 8 వారాలు, రెప్పల వెనుక కన్ఫార్మర్ అనే పల్చని బిళ్ల ఉంటుంది. తర్వాత ఆక్యులరిస్ట్ అనే కృత్రిమ నేత్ర నిపుణులు కంటిగుంట అచ్చు తీసి, ఆక్రిలిక్‌తో పెంకులాంటి కన్ను చేస్తారు. రెండో కంటిని చూస్తూ నల్లగుడ్డు రంగును, తెల్లగుడ్డు మీది సన్నని ఎర్ర రక్తనాళాలను చిత్రిస్తారు. 19వ శతాబ్దంలో జర్మనీలోని లౌషా పనివారి గాజు కళ్లకు గొప్ప పేరుండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాటి సరఫరా ఆగిపోవడంతో అమెరికా సైన్యంలోని దంత నిపుణులు ఆక్రిలిక్ కళ్లు చేశారు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇలాంటి కళ్లు అమరుస్తారు.

కృత్రిమ నేత్రాన్ని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మాటిమాటికీ తీస్తే గుంట ఒరుసుకుంటుంది. దానికి స్పిరిట్ తగలకూడదు. ఏడాదికి ఒకసారైనా పాలిష్ చేయించాలి, సుమారు 5 ఏళ్లకు కొత్తది చేయించుకోవాలి. ఎదిగే పిల్లలకు ఇంకా ముందే మార్చవలసి వస్తుంది. పుసి ఎక్కువైనా, రక్తం కనిపించినా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

ఒక కంటితో దూరాల అంచనా మొదట తప్పుతుంది. గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తడబాటు సహజం. కన్ను పోయిన పక్క కనిపించేది తగ్గుతుంది కనుక రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా తిప్పి చూడాలి. నీడలను బట్టి, పరిమాణాన్ని బట్టి దూరాన్ని పోల్చుకోవడం మెదడు కొన్ని నెలల్లో నేర్చుకుంటుంది. మిగిలిన కంటికి పవర్ అవసరం లేకపోయినా పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలి. టపాసుల దగ్గర, వెల్డింగ్ జరిగేచోట మరింత జాగ్రత్త అవసరం. ఏటా కంటి పరీక్ష తప్పకూడదు.

ఒంటికంటితో రాణించినవారూ ఉన్నారు. క్రికెటర్ మన్సూర్ అలీఖాన్ పటౌడీకి 1961 జులైలో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన తొలి టెస్టు ఆడారు, 1962లో 21 ఏళ్లకే భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. తర్వాత రంజీ ట్రోఫీలో హైదరాబాదుకూ ఆడారు. అందరూ అంతటివారు కానక్కరలేదు. కొత్త చూపుకు తగ్గట్టు పనితీరు మార్చుకోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఒంటికన్ను మనిషి ఎదురొస్తే అపశకునమనే మాట ఇంకా వినిపిస్తుంది. అది మూఢనమ్మకం. దానికి తలవంచి పెళ్లిళ్లకు, ఫొటోలకు దూరంగా ఉండవలసిన పని ఎవరికీ లేదు. కృత్రిమ నేత్రం సంగతి ఎవరికి చెప్పాలన్నది దాన్ని ధరించిన మనిషి ఇష్టం. కానీ యంత్రాల దగ్గర పనిలోనూ, వైద్యుడి ముందూ దాచడం ప్రమాదం. ఉన్న కంటిని కాపాడుకోవడం, అవసరమైన చోట సాయం అడగడం, కొత్తగా కన్ను పోయినవారికి తెలిసింది నేర్పడం: ఈ మూడూ ఒంటికంటి మనిషి ధర్మాలు.