ఊహలోని యోధుడికీ ఒళ్లుంటుంది

ఫాంటసీ నవలల అట్టల మీద, వీడియో గేముల పోస్టర్ల మీద కనిపించే నైట్‌లను చూసి నవ్వేవాళ్లుంటారు, ఆ నవ్వును చూసి విసుక్కునేవాళ్లూ ఉంటారు. పళ్లెమంత డాలుతో డ్రాగన్‌కు ఎదురెళ్లడమేమిటి, చెవుల దాకా లేచిన ఆ భుజకవచాలతో చెయ్యి పైకెత్తగలడా, కడుపును గాలికి వదిలేసి మోకాళ్లకు ఉక్కు తొడుగులెందుకు అని మొదటివాళ్లు అడుగుతారు. డ్రాగన్‌నే ఒప్పుకున్నవాడికి డాలు కొలతలతో పనేమిటని రెండోవాళ్లు ఎదురడుగుతారు. పైకి ఇది బొమ్మల మీద మోజున్నవాళ్ల ముచ్చటలా ఉంటుంది గాని, అడుగున ఉన్న ప్రశ్న చాలా పాతది: ఊహ నిజానికి ఎంతవరకు కట్టుబడాలి? ఊహ చరిత్రకు కట్టుబడనక్కర్లేదు, తాను చిత్రించే దేహానికి మాత్రం కట్టుబడాలి అన్నది నా వాదన.

ఈ చర్చలోకి డాలునూ కవచాన్నీ మొదట తెచ్చినవాళ్లలో సోక్రటీసు ఒకడు. శిష్యుడు జెనొఫోన్ రాసిపెట్టిన సంభాషణల్లో ఆయన ఒకచోట, పనికి తగ్గట్టు అల్లిన పేడగంప అందమైనదేననీ, పనికి తగని బంగారు డాలు వికారమైనదేననీ తేల్చేస్తాడు. మరోచోట పిస్టియస్ అనే కవచాల పనివాణ్ణి, ఒళ్లు పొందికగా లేనివాడికి పొందికైన కవచం ఎలా చేస్తావని అడుగుతాడు. ఆ ఒంటికి సరిపోయేలా చేస్తాననీ, సరిపోయినదే పొందికైనదనీ జవాబు వస్తుంది. అంటే కవచం అందం లోహంలో విడిగా ఉండదు. తొడుక్కున్న మనిషికీ దానికీ కుదిరిన సంబంధంలో ఉంటుంది.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే చిన్న డాలు మీద ఎగతాళి సగం తప్పు. బక్లర్ అనే చిన్న గుండ్రటి డాలు ఐరోపాలో శతాబ్దాల పాటు వాడుకలో ఉంది. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో 14వ శతాబ్దం తొలినాళ్ల లాటిన్ రాతప్రతి ఒకటుంది. ఐరోపా కత్తిసాము గ్రంథాల్లో మనకు మిగిలినవాటిలో అదే పాతది. అది మొత్తం కత్తీ బక్లర్ల సాము గురించే. ఒక క్రైస్తవ మతాచార్యుడు శిష్యుడికి నేర్పుతుంటాడు. చివర్లో వాల్‌పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి పడుతుంది. ఆ బొమ్మల్లో డాలును ఒంటికి ఆనించరు, చెయ్యి చాపి ముందుకు పడతారు, ముఖ్యంగా కత్తి పట్టిన చేతికి కాపుగా. ఎదుటి కత్తికి ఎంత దగ్గరగా పడితే అంత మేర కాస్తుంది కనుక, ఇద్దరి మధ్య పోరులో ఆ చిన్న డాలే చాలు. అదే డాలు బాణాల వాన కింద పనికిరాదు. 11వ శతాబ్దపు బాయూ వస్త్రచిత్రంలో గొలుసు కవచం తొడిగిన రౌతుల డాళ్లు భుజం నుంచి కాలి దాకా దిగుతాయి. ఉక్కు పలకల కవచం మెరుగయ్యేకొద్దీ డాలు చిన్నదైంది. 15వ శతాబ్దం నాటికి నిలువెల్లా ఉక్కు తొడిగిన యోధుడు చాలావరకు డాలును పక్కన పెట్టి, రెండు చేతులా పోల్‌యాక్స్ అనే పొడుగుపిడి గొడ్డలి పట్టాడు. ఆ కవచం బరువు 20 నుంచి 25 కిలోలు. ఒళ్లంతా పంచుకునే బరువు కాబట్టి దానితో పరుగెత్తవచ్చు, గుర్రమెక్కవచ్చు. కాబట్టి డాలు చిన్నదా పెద్దదా అని అడిగితే తేలేదేమీ లేదు. ఎవరి చేతిలో, ఏ దెబ్బకు అడ్డంగా ఉందని అడగాలి.

కళకు ఇంత లెక్క అవసరమా అనేవాళ్లకు అరిస్టాటిల్ అండ దొరుకుతుంది. ఆడజింకకు కొమ్ములుండవని తెలియకపోవడం చిన్న తప్పే, దాన్ని పోల్చుకోలేనట్టు గీయడం పెద్ద తప్పు అన్నాడాయన. అయితే ఆ మినహాయింపుకు ఆయనే ఒక షరతు పెట్టాడు: ఆ తప్పు లేకుండానే కళ తన లక్ష్యాన్ని అందుకోగలిగితే దానికి సమర్థన లేదు. 11వ శతాబ్దపు కశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యం పేరుతో చెప్పిందీ దీనికి దగ్గరే. మెడలో వడ్డాణం, చేతికి అందె వేసుకుంటే నవ్వులపాలవుతారన్న ఆయన, లొంగినవాడి మీద చూపే శౌర్యాన్నీ అదే వరసలో చేర్చాడు. నగ అయినా గుణమైనా తన చోట ఉంటేనే శోభ.

మంత్రశక్తి ఉన్న లోకంలో ఈ నియమాలు చెల్లవనేది మొదటి అభ్యంతరం. గొప్ప కల్పనలు దీనికి ఎదురు సాక్ష్యమిస్తాయి. ఇలియడ్‌లో అకిలిస్ డాలు చేసింది దేవుడే. అయినా హోమర్ దాని పొరలు ఐదని లెక్కపెట్టి, శత్రువు ఈటె రెండు పొరలు దూరి మూడోదాని దగ్గర ఆగిందని చెబుతాడు. కర్ణుడి సహజకవచం పనిచేస్తుంది కాబట్టే ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో అడుక్కోవలసి వచ్చింది. పనిచేసే కవచాన్ని ఒంటి నుంచి కోసి ఇచ్చాడు కాబట్టే అది దానమైంది. మాయకవచానికి కూడా హద్దు ఉంటేనే కథ నిలుస్తుంది.

నిజం కవచాల్లోనే అలంకారానికి చేసినవి ఉన్నాయి కదా అనేది రెండోది, మరింత బలమైనది. 1857లో థేమ్స్ నదిలో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బాటర్‌సీ డాలు తొడుగు పలచటి కంచు రేకు. యుద్ధానికి కాక ప్రదర్శనకు చేసి, నదికి అర్పించి ఉంటారని పండితుల అభిప్రాయం. ఒప్పుకుందాం. ఊరేగింపులో, అర్పణలో అది తన పని తాను చేస్తుంది. అక్కడ దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. డ్రాగన్ ముందు నిలబెట్టిన బొమ్మ మాత్రం ఊరేగింపునని చెప్పుకోలేదు. అది కేవలం సంకేతమంటారా? సంకేతానికి పనితనం ఇంకా ఎక్కువ కావాలి. 13వ శతాబ్దపు ఒక ఇంగ్లిష్ రాతప్రతిలో పాపాలకు ఎదురుగా నిలిచిన నైట్ డాలు మీద క్రైస్తవ త్రిత్వం గీసి ఉంటుంది, మిగతా సామగ్రి మీద సుగుణాల పేర్లు ఉంటాయి. ఒంటి మీదున్నది మాత్రం ఆ కాలపు యోధులు తొడిగిన గొలుసు కవచమే. బైబిల్లో విశ్వాసాన్ని డాలుతో పోల్చిన అపొస్తలుడు పౌలు, అది నిప్పు బాణాలను ఆర్పుతుందన్నాడు. బాణాన్ని ఆపలేని డాలుతో విశ్వాసాన్ని పోలిస్తే విశ్వాసానికే అవమానం.

నైట్ బొమ్మ మనకు చూపదలచింది ధైర్యం. గాయపడగల ఒంటికే ధైర్యం ఉంటుంది; కవచం ఆ గాయానికి మనిషి ఇచ్చిన జవాబు. పొట్టనూ తొడలనూ వదిలేసిన స్త్రీయోధ కవచం ఎందుకు వెలితిగా అనిపిస్తుందో ఇక్కడే తెలుస్తుంది. అది చూసేవాడి కంటికి చేసింది, ఆమె ప్రాణానికి కాదు. చిత్రకారులు మ్యూజియం కొలతలు తెచ్చుకోనక్కర్లేదు. ఈ మనిషి ఏ దెబ్బకు భయపడుతున్నాడు, దేన్ని కాచుకుంటున్నాడు అని కుంచె పట్టేముందు ఒక్కసారి అడిగితే చాలు. జవాబు దొరకని బొమ్మలో కవచం మిగులుతుంది గాని వీరుడుండడు.